విమానాల మ్యూజియంలో మన బడి పిల్లలకు మీరే గైడ్: వరంగల్ నుంచి వైజాగ్ దాకా ఎలా చేయాలి

వరంగల్‌లో విమానాల మ్యూజియం లేదు. ఎయిర్‌పోర్టు కూడా ఇప్పటికైతే పేరుకే. మామునూరులో నిజాం 1930లో కట్టించిన రన్‌వే ఉంది, 1981 దాకా అక్కడ విమానాలు దిగేవి, ఆ తర్వాత మూతపడింది, 2025లో కేంద్రం మళ్ళీ పచ్చజెండా ఊపింది కాబట్టి ముందు ముందు చూడాలి. ఈలోపు మన సర్కారు బడి పిల్లల్లో చాలామంది విమానాన్ని చూసేది తల పైకెత్తి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని. వాళ్ళను ఒక పెద్ద విమానం లోపలికి తీసుకెళ్ళి, ఏది ఏమిటో దగ్గరుండి చెప్పాలని మీకు ఉంటే ఎలా చేయాలో రాస్తున్నాను. జీతం ఉండదు, మీ టీ ఖర్చు కూడా మీదే. ఫిజిక్స్ టీచరై ఉండనక్కర్లేదు, ఎయిర్‌ఫోర్స్‌లో చేసి ఉండనక్కర్లేదు. కొన్ని సాయంత్రాలు కూర్చుని చదివే ఓపిక, ముప్పై నలభై మంది పిల్లల మధ్య చిరాకు పడకుండా మాట్లాడే గుణం ఉంటే చాలు.

నేను మాట్లాడుతున్నది విశాఖపట్నం బీచ్ రోడ్డు మీదున్న టీయూ-142 మ్యూజియం గురించి, అంటే సబ్‌మెరైన్లను వెతికిన పాత నేవీ విమానమే అక్కడ మ్యూజియం. బెంగళూరులో హెచ్‌ఏఎల్ వాళ్ళది ఉంది, గోవాలో నేవీది ఉంది, ఢిల్లీ పాలంలో ఎయిర్‌ఫోర్స్‌ది ఉంది. కానీ మనకు సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్, అందుకే అది. పద్ధతి మాత్రం ఎక్కడికి వెళ్ళినా ఇంచుమించు ఇదే.

ముందు ఎవరిని అడగాలి

రెండు దారులున్నాయి. ఒకటి, మ్యూజియంకే వాలంటీరుగా వెళ్ళడం. టీయూ-142ను నడిపేది వీఎంఆర్‌డీఏ, అంటే విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ. వాళ్ళకు ఒక పేజీ లెటర్ రాయండి: మీరెవరు, ఏ భాషల్లో చెప్పగలరు, ఏ నెలల్లో రాగలరు. అంతకు మించి రాస్తే ఎవరూ చదవరు. జవాబు వస్తే మంచిదే, కానీ వరంగల్‌లో ఉంటూ ప్రతి ఆదివారం వైజాగ్ వెళ్ళి నిలబడటం అయ్యే పనేనా అన్నది మీరే ఆలోచించుకోండి.

రెండోది నాకు నచ్చిన దారి. మ్యూజియానికి గైడ్ కాకుండా, బడికి గైడ్ అవ్వండి. మీ మండలంలో ఒక జెడ్పీ హైస్కూలుకో, కస్తూర్బా విద్యాలయానికో వెళ్ళి, హెచ్‌ఎం గారిని కలిసి, "సార్, స్టడీ టూర్ పెడితే గైడ్ పని నేను చూసుకుంటా, ముందు ఒక క్లాసు కూడా చెప్తా" అనండి. ప్రైవేట్ స్కూళ్ళకు టూర్ ఏజెంట్లు ఉంటారు, వాళ్ళకు మీ అవసరం లేదు. సర్కారు బడిలో టీచర్లకు పిల్లల్ని లెక్కపెట్టుకోవడానికీ, అన్నం పెట్టించడానికే సరిపోతుంది, విమానం గురించి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. మీకు చోటు దొరికేది అక్కడే.

అనుమతుల సంగతి బడి వాళ్ళే చూసుకోవాలి, మీరు చేతులు పెట్టకండి: డీఈఓ ఆఫీసు పర్మిషన్, తల్లిదండ్రుల సంతకాలు, ఆడపిల్లలుంటే లేడీ టీచర్ తప్పనిసరి. ఒక్కటి మాత్రం మీరు గుర్తు చేయండి. పల్లెల్లోని ప్రభుత్వ బడుల పిల్లలకు ఏడాదికి ఒకసారి స్టడీ టూర్ కోసం రైల్వేలో సెకండ్ క్లాసు టికెట్ మీద 75 శాతం రాయితీ ఉంది. హెచ్‌ఎం లెటర్ పట్టుకుని స్టేషన్‌కు చాలా ముందే వెళ్ళి అడగాలి, ప్రయాణానికి రెండు రోజుల ముందు వెళ్తే పని కాదు.

నెల ఎంచుకునేటప్పుడు అక్టోబరు, నవంబరు వదిలేయండి, అటువైపు తుఫాన్ల కాలం. డిసెంబరు 4 నేవీ డే చుట్టుపక్కల బీచ్ రోడ్డు మీద ఇసుకేస్తే రాలదు. సంక్రాంతి ముందు వారాలు బాగుంటాయి. టైమింగ్స్, సెలవు రోజు ఫోన్ చేసి కనుక్కున్నాకే టికెట్లు తీయించండి.

అమెరికాలో చదువుకుంటున్న మన వరంగల్, కరీంనగర్ పిల్లలు ఇది చదువుతుంటే వాళ్ళకో మాట. అక్కడ పెద్ద విమాన మ్యూజియాలు చాలావరకు వాలంటీర్ల మీదే నడుస్తాయి. సియాటిల్‌లోని మ్యూజియం ఆఫ్ ఫ్లైట్‌లో మొట్టమొదటి బోయింగ్ 747 ఉంది, కాంకార్డ్ ఉంది, వాటి పక్కన నిలబడి చెప్పేది ఎక్కువగా వాలంటీర్లే. వాళ్ళే ట్రైనింగ్ ఇస్తారు. కాకపోతే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు ముందు కాలేజీలోని ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి, ఆ తర్వాతే ఫారం నింపండి.

మీరు చదువుకోవాల్సింది

ఇంటర్నెట్‌లో ఈ విమానం గురించి వందల అంకెలు దొరుకుతాయి. బట్టీ పట్టి అప్పజెప్పే గైడ్‌ను పిల్లలు రెండు నిమిషాలు వింటారు, మూడో నిమిషం నుంచి ఒకరి జడ ఒకరు లాగడం మొదలు. మీకు కావాల్సిన కథ కొంచెమే, కానీ అది గట్టిగా రావాలి.

టీయూ-142 రష్యా విమానం. టీయూ-95 అనే బాంబర్ నుంచి పుట్టింది. మన నేవీలోకి 1988లో వచ్చింది, మొత్తం ఎనిమిది కొన్నారు. మొదట గోవాలో ఉండేవి, తర్వాత 1992లో తమిళనాడు అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాళికి మారాయి. వాటి ముఖ్యమైన పని సముద్రంలో సబ్‌మెరైన్లను వెతకడం. 29 ఏళ్ళు, 30 వేల గంటలు, ఒక్క ప్రమాదం లేకుండా ఎగిరి 2017 మార్చిలో రిటైరయ్యాయి. వాటి పనిని ఇప్పుడు పీ-8ఐ అనే బోయింగ్ విమానాలు చేస్తున్నాయి.

మ్యూజియంలో ఉన్నది 2017 ఏప్రిల్‌లో అరక్కోణం నుంచి తనంతట తానే ఎగిరి వైజాగ్ నేవీ స్థావరంలో దిగింది. అక్కడ విడదీసి, ముక్కల్ని రోడ్డు మీద బీచ్ దాకా తెచ్చి మళ్ళీ బిగించారు. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. "ఇంత పెద్దది ఇక్కడికి ఎట్లొచ్చింది సార్" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు కాబట్టి ఈ భాగం నోటికి రావాలి.

ఇంజిన్ల సంగతి అర్థం చేసుకోవడానికి ఒక సాయంత్రం పూర్తిగా పెట్టండి, ఎందుకంటే విమానం మొత్తంలో చూడాల్సిన వింత అదే. నాలుగు టర్బోప్రాప్ ఇంజిన్లు, అంటే పంకాను తిప్పే జెట్ తరహా ఇంజిన్లు, ఒక్కొక్కటి సుమారు 15 వేల హార్స్‌పవర్. ప్రతి ఇంజిన్‌కూ ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, అవి ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. ఎందుకలా? ముందున్న ప్రొపెల్లర్ గాలిని వెనక్కి నెట్టడంతో పాటు దాన్ని సుడి తిప్పుతుంది, ఆ సుడిలోకి పోయిన శక్తి దండగ. వెనకది ఎదురు తిరిగి ఆ సుడిని చాలావరకు విప్పేసి, ఆ శక్తిని కూడా విమానాన్ని ముందుకు నెట్టడానికే వాడుతుంది. అందుకే ఇది పంకాలతో ఎగిరే విమానమే అయినా గంటకు 800 కిలోమీటర్లు దాటుతుంది. ప్రపంచంలో ఇంత వేగంగా పోయే ప్రొపెల్లర్ విమానాలు చాలా తక్కువ. చప్పుడు కూడా అంతే లెండి.

ఇక సోనోబాయ్. ఇది చెప్పడం రాకపోతే అసలు ఈ విమానం ఎందుకో పిల్లలకు అర్థం కాదు. సబ్‌మెరైన్ నీటి లోపల ఉంటుంది, రాడార్ తరంగాలు ఉప్పునీటిలోకి దిగలేవు, శబ్దం మాత్రం బాగా పోతుంది, సెకనుకు సుమారు 1,500 మీటర్లు, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైనే. అందుకని విమానం పొడుగాటి గొట్టాలను పారాచూట్‌తో సముద్రంలోకి వదులుతుంది. గొట్టంలో ఒక భాగం నీటి మీద తేలుతుంది, మైకు లాంటి భాగం తీగకు వేలాడుతూ లోపలికి దిగుతుంది, కింద వినబడిందంతా రేడియోలో పైకి పంపుతుంది. మన పిల్లలకు చెప్పేటప్పుడు బావి ఈత గుర్తు చేయండి: మునిగి ఉన్నప్పుడు అవతలి మెట్టు దగ్గర ఎవరైనా రాయి మీద రాయి కొడితే చెవి పక్కనే కొట్టినట్టు వినిపిస్తుంది కదా, అదే సంగతి. ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలైతే ఈ మాట పూర్తి కాకముందే తలలూపుతారు.

మన పాత ముచ్చట కూడా ఒకటి జేబులో పెట్టుకోండి. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు కొన్నారు, ఆ దళం పేరులోనే హైదరాబాద్ చేరింది. మామునూరు రన్‌వే కట్టించింది కూడా ఆ ఉస్మాన్ అలీ ఖానే. విమానాలంటే ఎక్కడో దూరపు సంగతి అనుకునే పిల్లలకు ఇది చెప్తే కొంచెం దగ్గరికి జరుగుతారు.

ప్రయాణానికి ముందు, బడి గ్రౌండ్‌లో

ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు, నన్నడిగితే టూర్‌లో సగం ఇక్కడే ఉంది. క్లాసులో ప్రొజెక్టర్ పెట్టి ఫోటోలు చూపించకండి, అక్కడికెళ్ళాక "ఫోటోలో చూసినం కదా" అంటారు.

ఒక టేపు, ఒక నైలాన్ తాడు, కిలో రెండు కిలోల సున్నం పొడి తీసుకుని సాయంత్రం ఆటల పీరియడ్‌లో గ్రౌండ్‌కు వెళ్ళండి. విమానం పొడవు సుమారు 53 మీటర్లు, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 50. ఖోఖో కోర్టు 27 మీటర్లుంటుంది కాబట్టి రెండు కోర్టులు వరసగా పెడితే విమానం పొడవు వచ్చేసినట్టే. పిల్లలతోనే కొలిపించండి. ఒకడు టేపు చివర పట్టుకుని అక్కడే కూర్చుండిపోతాడు, ఇంకొకడు తాడును చింత చెట్టు చుట్టూ తిప్పుతాడు, రెక్క గీత గోడకు తగిలి "సార్, రెక్క మూత్రశాలలోకి పోయింది" అని అరుస్తారు. పోనివ్వండి. గీసిన గీతల మధ్య నలుగురిని ఇంజిన్ల దగ్గర నిలబెట్టి చేతులు తిప్పమనండి, పొట్ట భాగంలో కొందరిని కూర్చోబెట్టండి. మర్నాడు పొద్దున ప్రేయర్‌లో మిగతా క్లాసుల పిల్లలు కూడా ఆ గీతల మీదే నిలబడతారు, అప్పుడు టూర్‌కు రాని పిల్లలకు కూడా కొంత అందినట్టే.

అదే రోజు ప్రతి ఇద్దరికీ ఒక పని అప్పగించండి. ఒక జంట చక్రాలు లెక్కపెట్టాలి, ఒక జంట కిటికీలు, ఇంకో జంట రష్యన్ అక్షరాలు ఎక్కడైనా ఉన్నాయేమో వెతకాలి, ఇంకో జంట తోకలో వింతగా కనిపించింది బొమ్మ గీయాలి. వెతికే పని చేతిలో ఉన్నవాడు గైడ్ చెప్పేది వినకపోయినా విమానాన్ని మాత్రం చూస్తాడు. మనకు కావాల్సింది అదే.

రైల్లో ఒక లెక్క ఇవ్వండి. వరంగల్ నుంచి వైజాగ్‌కు నేరుగా గీత గీస్తే సుమారు 400 కిలోమీటర్లు. మనకు రాత్రంతా పడుతోంది, ఆ విమానానికి ఎంతసేపు? అరగంట అని తేలాక పై బెర్త్‌లో ఎవరో ఒకరు "మరి మనం గిట్ల ఎందుకు పోతున్నం సార్" అంటారు. దానికి జవాబు నా దగ్గర కూడా లేదు.

విమానం దగ్గర

పొద్దున్నే బయటికి తీసుకెళ్ళడానికి తొందరపడకండి. రాత్రి నిద్ర లేదు, సముద్రం మొదటిసారి చూస్తున్న పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్ళ మనసంతా నీళ్ళ మీదే. ముందు బీచ్, తర్వాత టిఫిన్, ఆ తర్వాతే విమానం. ఉక్క విపరీతం, ప్రతి ఒక్కరి చేతిలో నీళ్ళ సీసా ఉండాలి.

గేటు దగ్గర మీరు చేయాల్సిన మొదటి పని అక్కడి సిబ్బందితో మాట్లాడటం. మేము ఫలానా బడి, నేను వాలంటీరును, మా పిల్లలకు మా భాషలో చెప్పుకుంటాం, మీకు అడ్డం రాము, అని చెప్పండి. వాళ్ళు ఆడియో గైడ్ ఇస్తే తీసుకోండి. వాళ్ళలో ఎవరైనా మాజీ నేవీ ఉద్యోగి ఉంటే మీ స్క్రిప్టు పక్కన పెట్టి, ఆయన్ను ఐదు నిమిషాలు మాట్లాడమని బతిమాలండి. మీరు చదివి చెప్పేది ఒకటి, చేసినవాడు చెప్పేది ఇంకొకటి.

బయట నిలబెట్టినప్పుడు మీ ముఖానికి ఎండ పడేలా మీరు నిలబడండి, పిల్లల వీపుకు ఎండ ఉండాలి. లేకపోతే కళ్ళు చికిలించుకుంటూ ఏమీ చూడరు. మొదటి మాట అంకెలతో కాకుండా పనితో మొదలుపెట్టండి: "మొత్తం ఎన్ని రెక్కలున్నయో లెక్కవెట్టుండ్రి, పెద్ద రెక్కలు కాదు, పంకా రెక్కలు." పదహారు అంటారు. కొందరు ఇరవై అంటారు. వాదించుకోనివ్వండి. వెనక ప్రొపెల్లర్ కూడా ఉందని ఎవరో ఒకరు కనిపెట్టాక ముప్పై రెండు వస్తుంది, అప్పుడు సుడి గురించి మీరు నేర్చుకున్నది చెప్పండి. అంతకు ముందు చెప్తే గాలికి పోతుంది.

లోపల ఇరుకు. అందర్నీ ఒకేసారి తోయకండి, పది పన్నెండు మందిని ఒక విడతగా పంపండి, ఒక టీచర్ ముందు, ఒక టీచర్ వెనక. బయట ఆగినవాళ్ళకు సోనోబాయ్, ఇంజిన్, ప్రొపెల్లర్, ప్రాణరక్షణ సామగ్రి, ఫ్లైట్ డేటా రికార్డర్ లాంటివి చూసే పని పెట్టండి. రికార్డర్‌ను అందరూ బ్లాక్ బాక్స్ అంటారు కానీ అది నారింజ రంగులో ఉంటుంది, శిథిలాల్లో త్వరగా కనబడాలని. ఈ ఒక్క సంగతి ఇంటికెళ్ళి చెప్పని పిల్లాడు ఉండడు.

లోపల మీరు తక్కువ మాట్లాడండి. సీట్లు, మీటర్లు, స్విచ్‌లు చూపించి ఒకే మాట చెప్పండి: ఈ మనుషులు ఇందులో పది గంటలకు పైగా ఉండేవాళ్ళు, కింద నీళ్ళు తప్ప ఏమీ కనిపించదు, చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక చప్పుడు కోసం వింటూ కూర్చోవడమే డ్యూటీ. చెప్పి ఊరుకోండి. కొంతసేపు వాళ్ళనే చూడనివ్వండి.

ఇంకో సంగతి. గమనిస్తే మగపిల్లలు తోసుకుని ముందుకొస్తారు, ఆడపిల్లలు వెనక గోడకు ఆనుకుని నిలబడతారు, ఎక్కడికెళ్ళినా ఇదే. మొదటి విడత ఆడపిల్లలనే పంపండి. 2019 డిసెంబరులో సబ్ లెఫ్టినెంట్ శివాంగి మన నేవీకి తొలి మహిళా పైలట్ అయ్యారని అక్కడే, కాక్‌పిట్ వైపు చూపిస్తూ చెప్పండి. ఉపన్యాసం వద్దు, ఆ ఒక్క వాక్యం చాలు.

ప్రశ్నలు వచ్చినప్పుడు

మొదటి ప్రశ్న బాత్రూం ఎక్కడ అనే. ఇది రాని టూర్ ఉండదు, నవ్వకండి, అక్కడి సిబ్బందినే అడిగి చూపించండి. రెండోది ధర. మూడోది "ఇది పాకిస్తాన్ మీద బాంబులు వేసిందా సార్". ఇక్కడ జాగ్రత్త. 1971 యుద్ధానికీ ఈ విమానానికీ సంబంధం లేదు, ఇది వచ్చిందే 1988లో. టీచర్లు కూడా రెండింటినీ కలిపేస్తుంటారు, పిల్లల ముందు వాళ్ళను సరిదిద్దకుండా "ఆ యుద్ధంలో పనిచేసింది ఎదురుగా ఉన్న సబ్‌మెరైన్" అని చెయ్యి రోడ్డు అవతలికి చూపించండి.

తెలియని ప్రశ్న వస్తే తెలియదనే చెప్పి, అడిగిన పిల్ల పేరుతో సహా నోట్‌బుక్‌లో రాయించండి. ఊహించి చెప్పిన గైడ్ మాట పిల్లల నోట్సుల్లోకి ఎక్కి, అక్కడి నుంచి వాళ్ళ తమ్ముళ్ళ నోట్సుల్లోకి పోతుంది.

రోడ్డు దాటితే కురుసుర

వైజాగ్‌లో గైడ్‌కు దొరికే అసలు అదృష్టం ఇది. సబ్‌మెరైన్లను వేటాడే విమానం రోడ్డుకు ఒక వైపు, నిజమైన సబ్‌మెరైన్ ఇంకో వైపు. ఐఎన్ఎస్ కురుసుర 1969లో నేవీలో చేరింది, 1971 యుద్ధంలో గస్తీ తిరిగింది, 2001లో రిటైరైంది, 2002లో మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు, అందులో సుమారు 75 మంది. అక్కడ మాజీ నేవీ వాళ్ళే గైడ్లుగా ఉంటారు కాబట్టి మీరు నోరు మూసుకుని పిల్లలతో పాటు వినండి.

కానీ లోపలికి వెళ్ళే ముందు ఒక ప్రశ్న వేయండి: "ఇప్పుడు మీరు ఇందులో ఉన్నరు, పైన ఆ విమానం తిరుగుతున్నది, దొరకకుండా ఏం చేస్తరు?" చప్పుడు చెయ్యం, ఫ్యాన్ బంద్ చేస్తం, ఇంజిన్ ఆపుతం, ఇంకా లోతుకు పోతం. ఇవన్నీ సబ్‌మెరైన్ వాళ్ళు నిజంగా చేసేవే. విమానం ముందు చూసి, సబ్‌మెరైన్ తర్వాత చూస్తేనే ఈ ఆట కుదురుతుంది, అందుకే వరస మార్చకండి.

ఘాజీ గురించి కచ్చితంగా అడుగుతారు, సినిమా పుణ్యమా అని. ఆ పాకిస్తాన్ సబ్‌మెరైన్ 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరం దగ్గర మునిగిపోయింది. మన నేవీ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని చెప్తుంది, పాకిస్తాన్ మాత్రం లోపల పేలుడు వల్లనో, మైన్ల (నీళ్ళలో పెట్టే మందుపాతరల) వల్లనో అంటుంది. పెద్ద క్లాసు పిల్లలైతే రెండూ చెప్పండి, ఎలా తేల్చాలో వాళ్ళనే ఆలోచించనివ్వండి.

తిరిగొచ్చాక

రెండు మూడు రోజుల్లో బడికి ఒకసారి వెళ్ళండి, వారం దాటితే అన్నీ మర్చిపోతారు. నోట్‌బుక్‌లో మిగిలిన ప్రశ్నలకు జవాబులు వెతికి, అడిగినవాళ్ళ పేర్లతోనే నోటీస్ బోర్డు మీద పెట్టండి. దొరకని వాటిని మ్యూజియంకు ఉత్తరంగా రాయించండి, తెలుగులోనే, పిల్లల చేతిరాతతోనే. డబ్బు ఏదైనా మీ చేతుల మీదుగా ఖర్చయితే బిల్లులు అదే రోజు హెచ్‌ఎం గారికి ఇచ్చి రిజిస్టరులో రాయించుకోండి, పైసా తేడా వచ్చినా వచ్చే ఏడు మిమ్మల్ని పిలవరు. పిలిస్తే మాత్రం ఈసారి వచ్చిన పిల్లల్లో ఇద్దరిని మీకు అసిస్టెంట్లుగా అడగండి, బయట నిలబడిన విడతకు సోనోబాయ్ గురించి వాళ్ళు చెప్తారు, మీరు లోపల ఉండొచ్చు.